బల్లపై ఆడే ఆటలో గాయకుడు బలహీనుడా?

నగరాలలో చదువుకొనే పిల్లలు సెలవులకు ఇల్లు చేరినప్పుడు వారి మాటలలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట పేరు వినిపించవచ్చు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించిన ఆట ఇది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి, ఆ పాత్ర ఏమి చేయబోతున్నదో నోటితో చెబుతారు. ఆ పని ఫలించినదీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 2023లో విడుదలైన ‘బాల్డర్స్ గేట్ 3’ అనే కంప్యూటరు ఆటకు కూడా ఈ నియమాలే ఆధారం.

ఆటలో ఎంచుకొనదగిన వృత్తులలో యోధుడు, మాంత్రికుడు, దొంగ మొదలైనవారితో పాటు ‘బార్డ్’ అనే గాయకుడు కూడా ఉన్నాడు. పూర్వం ఐర్లండు, వేల్సు ప్రాంతాలలో రాజుల వంశాలను, వీరుల చరిత్రలను గానం చేసిన కవులకు ఉన్న పేరు ఇది. పల్నాటి వీరుల కథను గానం చేసే వీరవిద్యావంతులను తలచుకొంటే ఆ వృత్తి స్వరూపం సులభంగా బోధపడుతుంది. ఆటలోని గాయకునికి కొంత మంత్రం, కొంత కత్తిసాము, ఎంతో మాటకారితనం ఉంటాయి. తన పాటతో తోటివారికి ఉత్సాహం కలిగిస్తాడు. అయితే అన్నీ కొంత కొంత వచ్చినవానికి ఏదీ పూర్తిగా రాదనీ, అతడు జట్టుకు బరువేననీ ఆటగాళ్లలో చిరకాలంగా ఒక అపవాదు ఉన్నది. ఇందులో నిజమెంత?

అపవాదుకు మూలం పాత నియమాలలో ఉన్నది. గాయకుడు 1976లో ‘ద స్ట్రాటజిక్ రివ్యూ’ అనే పత్రికలో తొలిసారి కనిపించాడు. 1978 నాటి నియమ గ్రంథం అతనిని అనుబంధంలో చేర్చింది. గాయకుడు కావాలంటే ముందు యోధునిగా, ఆపై దొంగగా కొన్ని స్థాయులు దాటాలి. బలం, వివేకం, చురుకుదనం, ఆకర్షణ అనే నాలుగు గుణాలలోనూ కనీసం 15 అంకె ఉండాలి. ఇన్ని షరతులు నెరవేరడం అరుదు. 1989లో వచ్చిన రెండవ కూర్పు అతనిని మొదటి నుంచే ఎంచుకొనదగిన వృత్తిగా మార్చింది. 2000లో వచ్చిన మూడవ కూర్పులో మంత్రాలకు తొమ్మిది మెట్లు ఉండగా, మాంత్రికుడు తొమ్మిదవ మెట్టు వరకు ఎక్కేవాడు; గాయకుడు ఆరవ మెట్టు వద్దనే ఆగిపోయేవాడు. కత్తి పట్టినా యోధునికి సాటి రాలేడు. బలహీనుడనే మాట అప్పుడు గట్టిగా నాటుకొన్నది.

2014లో వచ్చిన ఐదవ కూర్పు ఈ లోటును చాలవరకు పూరించింది. గాయకునికి కూడా తొమ్మిదవ మెట్టు వరకు మంత్రాలు లభించాయి. గాయాలు మాన్పే మంత్రాలు వాటిలో ఉన్నాయి. అన్నిటికంటె ముఖ్యమైనది ‘ప్రేరణ పాచిక’. తన పాట వినబడే దూరంలో ఉన్న సహచరునికి గాయకుడు ఆరు ముఖాల పాచిక ఒకటి ఇస్తాడు. ఆ సహచరుడు అవసరమైనప్పుడు దానిని వేసి, వచ్చిన అంకెను తన ఇరవై ముఖాల పాచిక అంకెకు కలుపుకొంటాడు.

దీని విలువ ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. రాక్షసునికి దెబ్బ తగలాలంటే యోధుని పాచికపై 15 లేదా అంతకు మించి పడాలనుకొందాం. ఇరవై ముఖాలలో ఆరు మాత్రమే అనుకూలం. అంటే నూటికి 30 దెబ్బలు తగులుతాయి. ప్రేరణ పాచిక సగటున మూడున్నర కలుపుతుంది గనుక ఆ సంఖ్య 47.5కు పెరుగుతుంది. గాయకుడు ఐదవ స్థాయి చేరేసరికి ఈ పాచికకు ఎనిమిది ముఖాలు, పదవ స్థాయికి పది, పదిహేనవ స్థాయికి పన్నెండు ముఖాలు వస్తాయి.

మరి ఇంత చేసినా బలహీనుడని ఎందుకంటారు? రాక్షసుడు కూలినప్పుడు అందరి కళ్లూ యోధుని కత్తి మీదనే ఉంటాయి. ఆ దెబ్బ యోధుని లెక్కలోనే చేరుతుంది. గాయకుని పాచిక లేకుంటే ఆ దెబ్బ తగిలేదే కాదన్న సంగతి ఏ కాగితంపైనా వ్రాయరు. బుర్రకథలో కథకుని పేరే నలుగురికీ గుర్తుంటుంది. కాని ప్రక్కనున్న వంతలు లేకుంటే కథ ఎలా నడుస్తుందో విన్నవారికి తెలుసు.

గాయకుడు నిజంగానే చాలని సందర్భాలూ లేకపోలేదు. తన ప్రేరణ పాచికను తానే వాడుకొనే వీలు అతనికి లేదు. కాబట్టి జట్టులో ఇద్దరే ఉంటే అతని ముఖ్య శక్తికి తగినంత పని దొరకదు. సంభాషణ, సంధి, విచారణ ఏవీ లేక కేవలం పోరాటాలతోనే కథ సాగితే అతని మాటకారితనం వృథా అవుతుంది. బరువైన కవచం అతనికి అలవడదు; ముందు వరుసలో నిలిచి దెబ్బలు కాచుకొనడం యోధుని పని. 2014 నియమం ప్రకారం ప్రేరణ పాచికను పది నిమిషాలలోపు వాడకుంటే అది వ్యర్థమయ్యేది. 2024లో సవరించిన నియమాలు ఆ గడువును గంటకు పెంచాయి. ప్రయత్నం విఫలమైన తరువాతనే పాచికను వాడుకొనేలా మార్చాయి గనుక అది వృథాగా ఖర్చయ్యే ప్రమాదం కూడా తగ్గింది.

అందుచేత నేటి నియమాలలో గాయకుడు బలహీనుడు కాడు. అతని బలం ఇతరుల చేతులలో కనిపిస్తుంది, అంతే. ఈ పాత్రను ఎంచుకొన్న పిల్లవాడు తాను ఎన్ని దెబ్బలు కొట్టానని లెక్కించుకొంటే నిరుత్సాహపడతాడు. తానిచ్చిన పాచిక వల్ల ఎన్ని ఓటములు గెలుపులైనాయో ఒక కాగితంపై గుర్తు పెట్టుకొంటే తన విలువ తనకు తెలుస్తుంది. ఆ పాచికను వాడుకొన్న సహచరుడు కూడా ‘ఇది నీ వల్లనే తగిలింది’ అని ఒక్క మాట అనడం న్యాయం. ఆ మాట కరవైన బల్ల దగ్గర, నియమాలను ఎన్నిసార్లు సవరించినా గాయకుని పాత్ర తీసుకొనేందుకు ఎవరూ ముందుకు రారు.