మాదిరి, ఒరవడి: మదనపల్లె ప్రాంత క్రైస్తవ సేవలో ఆచరణే బోధగా

వ్యాససంగ్రహం: క్రైస్తవ జీవితంలో నాయకత్వమంటే మాదిరిగా నిలవడమని కొత్త నిబంధన పదేపదే చెబుతుంది. తెలుగు బైబిల్‌లో 'మాదిరి' అన్న ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు గ్రీకు పదాలున్నాయి. ఆ పదాల అర్థచ్ఛాయల వెలుగులో మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లోని ఆర్కాటు మిషన్ సేవనూ, ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయాన్నీ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. అధికారం చేతిలో ఉన్నవాని ప్రవర్తన ఎప్పుడు మాదిరి అవుతుంది, ఎప్పుడు కాదు అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: మాదిరి, ఒరవడి, ఆర్కాటు మిషన్, జేకబ్ చాంబర్లీన్, ఆరోగ్యవరం, వి.ఎస్. అజరయ్య.

1. ఒక తెలుగు మాట, మూడు గ్రీకు పదాలు

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక కలిసే చోట కుప్పం ఉంది. అక్కడి సంతలో 'మాదిరి' అన్న మాటకు అనువాదకుని అవసరం లేదు. తెలుగువానికి మాదిరి, తమిళునికి మాదిరి, కన్నడిగునికి మాదరి. చిత్తూరు సీమ వ్యవహారంలో ఇది నామవాచకంగా కంటే పోలికను తెలిపే మాటగానే ఎక్కువగా వినిపిస్తుంది. 'వాడు వాళ్ళ నాయన మాదిరే ఉండాడు' అన్నప్పుడు ఆ పోలిక కొడుకు కోరి తెచ్చుకున్నది కాదు, తండ్రి నేర్పినదీ కాదు. ఒకే ఇంట్లో బతికినందువల్ల అబ్బినది. వేదాంత చర్చల్లో 'మాదిరి' అనగానే ఎత్తైన పీఠం మీది ఆదర్శమూర్తిని ఊహించే అలవాటు మనకుంది. ఈ సీమ వాడుక ఆ ఊహను కొంత సరిదిద్దుతుంది.

తెలుగు బైబిల్‌లో ఈ మాట పలుచోట్ల కనిపిస్తుంది. యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు శిష్యుల పాదాలు కడిగి, తాను చేసినది వారికి మాదిరి అని చెప్పే సందర్భం ఉంది. అక్కడి గ్రీకు పదం 'హుపోదెయిగ్మ', అంటే కళ్ళముందు చేసి చూపినది. పేతురు మొదటి పత్రిక 2వ అధ్యాయంలో క్రీస్తు శ్రమలను ప్రస్తావించేటప్పుడు వాడిన పదం 'హుపోగ్రమ్మోస్'. చదువు మొదలుపెట్టిన పిల్లలు దిద్దుకోవడానికి గురువు రాసిచ్చే అక్షరాల వరుసకు అది పేరు. దీనికి అచ్చంగా సరిపోయే తెలుగు మాట 'ఒరవడి'. అదే పత్రిక 5వ అధ్యాయంలో సంఘపెద్దలు తమకు అప్పగించిన వారిమీద ప్రభువుల్లా పెత్తనం చేయక, మందకు మాదిరులుగా ఉండాలన్న హెచ్చరిక ఉంది. అక్కడి పదం 'టూపోస్'. కొట్టడం అన్న అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టిన ఈ మాటకు మొదటి అర్థం దెబ్బవల్ల పడిన ముద్ర. యోహాను సువార్త 20వ అధ్యాయంలో తోమా చూడగోరిన మేకుల గురుతుకు మూలంలో ఉన్నదీ ఈ పదమే.

చేసి చూపడం, దిద్దించడం, గాయపు ముద్ర మోయడం అనే మూడింటినీ మన అనువాదం ఒక్క మాటలో ఇమిడ్చింది. అనువాదంగా అందులో దోషమేమీ లేదు. కానీ విడదీసి చూస్తే వీటిలో 'ఒరవడి' నాయకత్వ చర్చకు అన్నిటికంటే ఎక్కువగా ఉపకరిస్తుంది. ఒరవడి అందంగా ఉంటే చాలదు, పిల్లవాని చేతికి అందేంత సరళంగా కూడా ఉండాలి. పైగా ఏదో ఒకనాటికి అది లేకుండానే వాడు రాయగలగాలి. ఎవరూ అనుసరించలేని త్యాగం గౌరవాన్ని పొందుతుందేమో కానీ ఒరవడి కాలేదు.

2. మందుల పెట్టెతో వచ్చినవాడు

అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చికి చెందిన స్కడర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషన్‌ను స్థాపించారు. తమిళ సీమలో మొదలైన ఆ సేవను తెలుగు ప్రాంతానికి విస్తరింపజేసినవారిలో ముఖ్యుడు జేకబ్ చాంబర్లీన్ (1835–1908). ఆనాడు కడప జిల్లాలో ఉండి, 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరిన మదనపల్లె ఆయన కార్యస్థానం. 1863లో స్థానిక సహాయకులతో, మందులతో, పుస్తకాలతో ఆయన నిజాం రాజ్యం మీదుగా గోదావరి ప్రాంతం దాకా సుదీర్ఘ యాత్ర చేశారు. మదనపల్లెలో వైద్యశాల నడిపారు. 1873 నుంచి రెండు దశాబ్దాలకు పైగా తెలుగు బైబిల్ అనువాద సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. చివరకు మదనపల్లెలోనే మరణించారు.

ఆయన జీవితాన్ని ఆదర్శగాథగా చెప్పడం సులభం. ఆయనే ఆ పని చేశారు కూడా. 1896లో వెలువడిన 'ఇన్ ది టైగర్ జంగిల్' పులులు, వరదలు, శత్రుమూకల నడుమ సాగిన ప్రయాణాల కథనం. అమెరికాలో విరాళాలిచ్చే సంఘాల పాఠకులు దాని శ్రోతలు. అందువల్ల కథానాయకుడు మిషనరీ, వెంట నడిచిన తెలుగు సహాయకులు ఉపపాత్రలు. పరిశోధకులు ఈ గ్రంథాన్ని చదివేటప్పుడు ఒక తేడాను గుర్తుంచుకోవాలి. పులి ఎదురైనప్పుడు చూపిన ధైర్యం చదువరిని ఉత్తేజపరుస్తుంది. మదనపల్లె వైద్యశాల ముందు వరుసలో నిలబడిన రైతుకు మాత్రం దానితో పనిలేదు. తన పుండును ఎవరు ముట్టుకున్నారు, తనకంటే ముందు ఎవరిని పిలిచారు అన్నవే అతడు చూసి ఉంటాడు.

ఆ కాలపు మిషన్ వైద్యశాలల్లో మందుకు ముందు ప్రార్థన, వాక్యపఠనం జరగడం సాధారణ పద్ధతి. దీన్ని పూర్తిగా నిందించడం గానీ పూర్తిగా సమర్థించడం గానీ తొందరపాటే అవుతుంది. నొప్పితో వచ్చినవానికి వినక తప్పని స్థితి ఉన్నంతవరకు ఆ వాక్యం బోధే కానీ మాదిరి కాదు. ఆ తర్వాత పుండు కడిగిన చేయి మాత్రం అదే గదిలో వేరొక భాష మాట్లాడింది. పెత్తనం, మాదిరి పక్కపక్కనే ఉండగలవన్న సంగతి పేతురు పత్రిక రాసినవారికి తెలుసు. అందుకే ఆ రెంటినీ ఒకే వాక్యంలో ఎదురెదురుగా నిలిపారు.

కుల ప్రశ్న దగ్గర ఈ ఘర్షణ మరింత స్పష్టమవుతుంది. 1850లో మద్రాసు మిషనరీ సమావేశం కులాచారం విడిచిపెట్టనివారికి ప్రభు బల్లలో చోటుండరాదని తీర్మానించింది. కలిసి భోజనం చేయడమే దానికి పరీక్ష. తీర్మానం న్యాయమైనది. అయితే పరీక్ష పెట్టినవారు ఎవరు, పరీక్షకు నిలబడినవారు ఎవరు? కొత్త విశ్వాసి తరతరాల కట్టుబాటును ఒక పంక్తిలో కూర్చుని తెంచుకోవాలి. బంగళాలో నివసించే మిషనరీ అంతే దూరం నడిచి వచ్చాడా?

ఈ ప్రశ్నను ప్రపంచ వేదిక మీద వేసినవాడు తెలుగు నేలను కార్యక్షేత్రంగా ఎంచుకున్న ఒక తమిళుడు. తిరునల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో భారతీయ మిషనరీ సొసైటీ తరఫున దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910 ఎడిన్‌బరో సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం ప్రసిద్ధం. విదేశీ మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. త్యాగం సరే, స్నేహం ఏదీ అని అడిగారు. భారతీయ సహోద్యోగిని సమానునిగా ఇంటికి పిలిచి భోజనానికి కూర్చోబెట్టలేనివారి త్యాగం మెచ్చుకోవడానికే తప్ప దిద్దుకోవడానికి పనికిరాదన్నది దాని సారమని నా పఠనం.

3. పల్లెలో ఉపాధ్యాయుడు

మదనపల్లె, పుంగనూరు మిషన్ కేంద్రాల నుంచి పల్లెలకు అందిన సేవలో మిషనరీ కనిపించేది అప్పుడప్పుడే. రోజూ కనిపించినవాడు ఉపాధ్యాయుడు. పగలు పలక పట్టించేదీ, రాత్రి ప్రార్థన నడిపించేదీ అతడే. ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగమైన పుంగనూరు జమీందారీ సీమలో మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో కాపురముండే ఆ కుటుంబాన్ని ఊరంతా గమనించేది. అతడు కల్లు తాగుతాడా, అప్పు ఎలా తీరుస్తాడు, భార్య అక్షరాలు నేర్చిందా, కూతుర్ని బడికి పంపుతున్నాడా అన్నవి ప్రసంగం కంటే ముందు లెక్కకు వచ్చే విషయాలు. అతని జీతం తక్కువ, అధికారం అంతకంటే తక్కువ. అందువల్లనే అతడు చేసినది పక్కింటివానికీ సాధ్యమనిపించేది. బంగళా నుంచి వచ్చిన మంచితనానికి 'దొరకేం, చేయగలడు' అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఉపాధ్యాయుని విషయంలో ఆ తప్పించుకునే దారి లేదు. నేను 'ఒరవడి' అన్న మాటను ఈ మనుషుల కోసమే అట్టిపెట్టుకోదలచాను.

4. ఆరోగ్యవరంలో ఉమ్మిపాత్ర

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రాంతపు క్రైస్తవ సేవకు అత్యంత విశిష్టమైన రూపం మదనపల్లె సమీపంలోని సంయుక్త మిషన్ క్షయ చికిత్సాలయం. 1912లో పలు మిషన్ల సహకారంతో మొదలై, 1915లో ఆరోగ్యవరానికి చేరిన ఈ సంస్థకు తొలి సారథి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. క్షయకు ఇప్పుడు మనకు తెలిసిన మందులేవీ అప్పుడు లేవు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంతవరకూ చికిత్సంటే ప్రధానంగా విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, స్వచ్ఛమైన గాలి, క్రమశిక్షణ. దగ్గేటప్పుడు నోరు మూసుకోవడం, కఫాన్ని మూతపాత్రలోనే ఉమ్మడం, విడిగా పడుకోవడం రోగి నేర్చుకోవలసిన విద్యలు. ఇవి ఉపన్యాసంతో వచ్చేవి కావు. నెలల తరబడి ఒకరిని చూసి ఒకరు చేయగా ఒంటబట్టేవి. ఇంటికి వెళ్ళిన రోగి తనవారి మధ్య ఆ అలవాట్లు నిలుపుకుంటే, ఆ ఇంటికి అతడే ఒరవడి.

ఇక్కడ పాదప్రక్షాళన ఘట్టం అలంకారంగా కాక అక్షరార్థంగా గుర్తుకు వస్తుంది. యేసు చేసినది దాసుడు చేసే పని, ఆనాటి గౌరవ మర్యాదల దృష్టిలో తక్కువ పని. మన సమాజంలో కఫం, రక్తం, ప్రసవ మాలిన్యం ముట్టుకోవడం అంతకంటే కఠినమైన కట్టుబాటు. ఆర్కాటు మిషన్ పరిధిలోనే వేలూరులో ఐడా స్కడర్ 1918లో స్త్రీలకోసం వైద్య పాఠశాల ప్రారంభించారు. అలాంటి సంస్థలన్నిటికీ ఇదే గడ్డు మెట్టు. చదువుకున్నవారు ఈ పనిని చేతులతో చేయడం కొత్త అర్థాన్ని సృష్టించింది. అయితే ఆరోగ్యవరం వంటి సంస్థల చరిత్ర రాసేవారు ఒక గట్టి ప్రశ్న వదలకూడదు. ఉమ్మిపాత్రను కడిగినది ఎవరు? వైద్యుడూ నర్సూ ఆ పనిలో పాలుపంచుకున్నంత మేరకు అది హుపోదెయిగ్మ. తరతరాలుగా ఆ పని చేస్తున్న కులాలవారికే వార్డు సేవకుని పేరుతో తిరిగి అప్పగించినంత మేరకు పాత వ్యవస్థే తెల్ల దుస్తులు వేసుకున్నట్లు. సంస్థ వార్షిక నివేదికల్లో రోగుల సంఖ్య చూసి ఆగిపోక, జీతాల పట్టీలనూ చదవాలనడం ఇందుకే.

బాధ్యత చేతులు మారిన తీరు ఈ సంస్థలో మరొక గమనించదగిన అంశం. ఫ్రిమోట్ మోలర్ అనంతరం భారతీయ వైద్యుడు పి.వి. బెంజమిన్ సంస్థకు సారథ్యం వహించారు. తరువాత భారత ప్రభుత్వానికి క్షయ నివారణ సలహాదారు అయ్యారు. దేశంలో బి.సి.జి. టీకా ప్రయోగాత్మకంగా మొదలైన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి, సంవత్సరం 1948. 1950–55 మధ్య మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ ప్రజల నడుమ క్షయ వ్యాప్తిని అధ్యయనం చేసి, 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రకటించారు. చాపెల్ గంటతో రోజు మొదలయ్యే ఒక మిషన్ సంస్థ పద్ధతులు ఇలా మతంతో సంబంధం లేకుండా ప్రభుత్వ విధానంలోకి ప్రవహించాయి. సాక్ష్యం పలచబడిందని దీన్ని విచారించే వేదాంతులున్నారు. ఒరవడి మీద గురువు పేరు లేకపోయినా అక్షరం అక్షరమే కనుక, ఆ విచారంతో నేను ఏకీభవించలేను.

1956లో మొదలై 1959లో ఫలితాలు వెలువడిన మద్రాసు క్షయ రసాయన చికిత్సా కేంద్రం అధ్యయనం ఈ చికిత్సాలయాల అవసరాన్నే మార్చివేసింది. ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ మాత్రలు తీసుకున్న రోగులు ఇరుకైన సొంత ఇళ్ళలో ఉన్నా, శానిటోరియంలో ఉన్నవారికి దాదాపు సమానంగా కోలుకున్నారని అది తేల్చింది. పడక, కొండగాలి, గంట, పర్యవేక్షకుడు లేకపోయినా రోగి రోజూ మాత్ర మింగాలి, నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోవాలి, అదీ ఎవరూ చూడని ఇంట్లో.