రైతుల పక్షాన నిలిచిన వర్తకుడు

పిల్లలూ! ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళేటప్పుడు పంటకాలువలూ, పచ్చని చేలూ మీరు చూసే ఉంటారు. ఏలూరికి దక్షిణాన కొల్లేరు సరస్సు ఉంది. 1850 ప్రాంతాల ఈ సీమ అంతా మద్రాసు రాజధానిలో భాగం. ఏలుబడి ఈస్టిండియా కంపెనీది.

ఆ రాజధానిలో శిస్తు కట్టలేని రైతుల పాట్లు ఇన్నీ అన్నీ కావు. కొందరిని ఎండలో వంచి నిలబెట్టి, వీపు మీద రాయి పెట్టేవారు. కొందరి చేతివేళ్ళను కర్రల మధ్య పెట్టి నొక్కేవారు. తాసీల్దారే శిస్తు వసూలు చేసేవాడు, పోలీసు అధికారమూ అతనిదే. ఇక రైతు ఎవరితో మొర పెట్టుకోగలడు?

వారి మొర విన్నవాడు ఒక తెలుగు వర్తకుడు. ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1806లో మద్రాసులో పుట్టారు. తండ్రిగారిది నీలిమందు వర్తకం. శెట్టిగారు బట్టల వ్యాపారంలో బాగా గడించారు.

అమెరికాలో జాన్ హాంకాక్ అనే వర్తకుడు స్వాతంత్ర్య యుద్ధకాలంలో మిలీషియా దళానికి నాయకుడై, 1780లో మాసచూసెట్స్ గవర్నరు అయ్యాడు. మన శెట్టిగారు కత్తి పట్టలేదు. 1844లో "క్రెసెంట్" అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. ఆ మాటకు నెలవంక అని అర్థం. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించారు.

కంపెనీ పట్టా గడువు 1854లో తీరనుంది. దాన్ని పొడిగించే ముందే ప్రజల కష్టాలు వినండని ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపింది. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమూరు 1853లో మద్రాసు వచ్చాడు. శెట్టిగారు ఆయనను జిల్లాలలో తిప్పి, రైతుల అవస్థ కళ్ళారా చూపించారు. 1854లో ఆ సంగతి పార్లమెంటులో చర్చకు వచ్చింది. ఆ ఏడే విచారణ సంఘం ఏర్పడింది. దాదాపు రెండువేల ఫిర్యాదులు వచ్చాయి. హింసలు జరిగినమాట నిజమేనని 1855లో ఆ సంఘం ఒప్పుకుంది. 1859లో వచ్చిన చట్టంతో మద్రాసు పోలీసుశాఖ శిస్తు అధికారుల నుంచి వేరయింది.

1863లో శెట్టిగారు మద్రాసు శాసనమండలి సభ్యులయ్యారు. గడించిన ధనమంతా ప్రజల పనులకే ఖర్చు చేసి, 1868లో పేదవానిగా కన్నుమూశారు.

పిల్లలూ! ఆయనకు శిస్తు బాధ లేదు. ఊరకుంటే హాయిగా బతికేవారే. అయినా పరుల కష్టాన్ని తన కష్టమనుకున్నారు. మీ తరగతిలో నోరు లేని పిల్లవానికి అన్యాయం జరిగితే, వాని పక్షాన మాట్లాడేదెవరు? ఆలోచించండి.