వార్తల్లో పదం: ప్రాక్సీ సర్వర్

కంప్యూటర్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలిచి, కంప్యూటర్ తరఫున వెబ్‌సైట్లను సంప్రదించేదే ప్రాక్సీ సర్వర్. సైబర్ నేరాల వార్తల్లో ఈ పేరు తరచూ వినిపిస్తోంది. వెబ్‌సైట్‌కు ప్రాక్సీ ఐపీ చిరునామాయే కనిపిస్తుంది.

బెంగళూరు ఐటీ కంపెనీల వంటి పెద్ద ఆఫీసుల్లో దీన్ని వాడతారు. సెట్టింగుల్లో ప్రాక్సీ చిరునామా, పోర్టు నంబరు (స్క్విడ్ సాఫ్ట్‌వేర్‌కైతే మామూలుగా 3128), నేరుగా తెరవాల్సిన సైట్ల జాబితా ఇవ్వాలి. కంప్యూటర్లు వేలల్లో ఉంటే ఈ నియమాలను ‘పాక్’ (ప్రాక్సీ ఆటో-కాన్ఫిగ్) ఫైలులో రాసి సర్వర్‌లో ఉంచుతారు; బ్రౌజర్లు దాన్ని చదివి దారి ఎంచుకుంటాయి. మార్పు అవసరమైతే ఆ ఒక్క ఫైలు సవరిస్తే చాలు.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఆఫీసు ప్రాక్సీ మీదుగా తెరిచిన సైట్ల పేర్లు ఈ లాగ్‌లలో నమోదు కావచ్చు.