పాట వేగంతో సినిమా

వీసీడీలు అద్దెకు తెచ్చుకుని సినిమా చూసిన రోజులు గుర్తున్నవాళ్లకు, కథ మంచి పట్టులో ఉండగా లేచి డిస్కు మార్చడమూ గుర్తుండే ఉంటుంది. తప్పు సినిమా నిడివిది కాదు. 1982లో పాటల కోసం బజారుకొచ్చిన ఆడియో సీడీది.

ఆడియో సీడీ నుంచి ప్లేయరు సెకనుకు 75 సెక్టార్లు చదువుతుంది. సెక్టారుకు 2,352 బైట్లు, అంటే సెకనుకు 1,76,400. స్టీరియో పాటకు అది అచ్చంగా సరిపోయే లెక్క. 1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషిటా, జేవీసీ కలిసి వీడియో సీడీకి ‘వైట్ బుక్’ నియమాలు రాసినప్పుడు ఈ వేగం జోలికి పోలేదు. 74 నిమిషాల పాటలు పట్టే డిస్కులో 74 నిమిషాల బొమ్మే పట్టింది. రెండున్నర గంటల సినిమాకు అలాంటివి రెండు వేసినా ఇంకా రెండు నిమిషాలు మిగులుతుంది. శుభం కార్డు కోసం మూడో డిస్కు పెట్టాలన్నమాట!

వేగం మారనప్పుడు బొమ్మే ఒదగాలి. మన టీవీల ‘పాల్’ పద్ధతిలో వీసీడీ ఫ్రేము 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. సెకనుకు 25 ఫ్రేములు. ఉన్నదున్నట్టు రాస్తే సెకనుకు 3 కోట్ల బిట్లు దాటుతుంది. డిస్కు బొమ్మకు కేటాయించింది పదకొండున్నర లక్షలు. ఇరవై ఆరో వంతు!

బొమ్మను అంతగా కుదించే పని చేసిపెట్టింది ఎంపెగ్-1 అనే పద్ధతి. దాని గుండెకాయ లాంటి గణితం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. బొమ్మను 8×8 చుక్కల గడులుగా కోసి, ఒక్కో గడిలో వెలుగు మార్పులను చిన్నా పెద్దా అలలుగా విడదీస్తుంది. కన్ను పట్టించుకోని సన్న అలలను వదిలేస్తే చాలా బరువు దిగిపోతుంది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచనకు నిధులడిగితే, మరీ తేలిగ్గా ఉందంటూ అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. ఆయన వదల్లేదు. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి 1974లో పరిశోధన పత్రం అచ్చు వేశారు.

ఇంట్లోనే సినిమాను వీసీడీగా మార్చుకునేవాళ్ల పాత కంప్యూటర్ నడుం విరగ్గొట్టేది మాత్రం ఈ అలల లెక్క కాదు, కదలికల వెతుకులాట. ఫ్రేమును 16×16 చుక్కల గడులు 396గా విడగొట్టి, ఒక్కోటీ అంతకుముందు ఫ్రేములో ఎక్కడుందో గాలించాలి. జాతరలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికినట్టే, ఇంతే దూరం వెళ్లాలని ముందుగా తెలియదు. దొరికితే ‘ఫలానా చోటి నుంచి ఇటు జరిగింది’ అని రాసుకుంటే చాలు, గడి మొత్తం మళ్లీ రాయక్కర్లేదు. ప్లేయరులోని చవక చిప్పుకు ఆ రాసుకున్నది చదివి గడిని జరపడమే పని. వెతికే చాకిరీ అంతా కంప్యూటర్‌దే. రెండున్నర గంటల సినిమాలో 2,25,000 ఫ్రేములు. సెకనుకు అయిదు చొప్పున మార్చగలిగే పాత పెంటియంకు పన్నెండున్నర గంటలు. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ మొదటికే.

మారిన ఫైలును ఊరికే డిస్కులోకి కాపీ చేస్తే అసలు సిసలు వీసీడీ ప్లేయరు దాన్ని గుర్తుపట్టదు. నీరో లాంటి ప్రోగ్రాముతో ‘వీడియో సీడీ’గానే రైట్ చేయాలి. అప్పుడు ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్లో ఏవీసీక్01.డాట్ పేరుతో సినిమా చేరుతుంది. ఇక్కడే నాకు బాగా నచ్చిన గడుసుతనం ఒకటుంది. మామూలు డేటా సీడీ ప్రతి సెక్టారులోనూ 2,048 బైట్లే మనకిచ్చి, మిగిలిన చోటులో ఎక్కువ భాగం తప్పులు దిద్దుకోవడానికి ఉంచుకుంటుంది. ఉత్తరంలో అక్షరం తప్పితే అర్థం మారిపోవచ్చు, బొమ్మలో ఒక గడి తప్పితే కన్ను సర్దుకుంటుంది. అందుకని వీసీడీ ఆ అదనపు దిద్దుబాటును వదులుకుని 2,324 బైట్లు వాడుకుంటుంది. 700 ఎంబీ అని రాసి ఉన్న డిస్కులో దాదాపు 800 ఎంబీ సినిమా పట్టడం అందుకే. గీత పడిన చోట హీరో మొహం గళ్లుగళ్లుగా చెదిరిపోవడమూ అందుకే.

రైట్ చేసేటప్పుడు ఇంకో గండం. లేజరు డిస్కులోని రంగు పొరను వేడిచేస్తూ ఆగకుండా పోతుంటే, కంప్యూటర్ డేటా అందించడంలో క్షణం తడబడినా డిస్కు పాడైనట్టే. అందుకే రైటింగ్ నడుస్తుంటే మౌస్ ముట్టనిచ్చేవారు కాదు. 2000లో శాన్యో తెచ్చిన బర్న్‌ప్రూఫ్, డేటా ఆగితే లేజరును ఆపి, అందాక ఆగిన చోటి నుంచే మొదలుపెట్టి ఆ బెడద తప్పించింది.

ఇప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాముకు ‘పాల్-వీసీడీ’ అని ఒక్క మాట చెబితే ఫ్రేము కొలత, వేగం, బిట్ రేటు అన్నీ అదే చూసుకుంటుంది. నేటి మామూలు ల్యాప్‌టాప్‌లో సినిమా మారడానికి నిమిషాలు చాలు. అటక మీది ప్లేయరు కోసమే అయితే మళ్లీ మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ కొనకండి, సీడీ-ఆర్ తీసుకోండి. ఆర్‌డబ్ల్యూ వెలుగును బాగా తక్కువగా వెనక్కి పంపుతుంది, చాలా పాత ప్లేయర్లకు అది ఆనదు.