కిన్నెరసాని పోయొస్తే మనసు కుదుటపడుతుందా?
మనశ్శాంతి మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

పాల్వంచలో ఎవరైనా మనసేం బాగోలేదని అంటే చుట్టుపక్కలవాళ్లు చెప్పే మందు ఒకటే: "ఓసారి కిన్నెరసాని పోయిరా." బండి మీద అరగంట కూడా పట్టదు. యానంబైలు దగ్గర డ్యాం కట్ట మీద నిలబడితే ఎదురుగా నీళ్లు, ఆవల కొండలు, అడవి. జింకల పార్కు చూసి, పల్లీలు తిని, నాలుగు ఫొటోలు దిగి సాయంత్రానికి ఇంటికొస్తాం. సోమవారం పొద్దున గడప దాటేసరికి ఆదివారం ఎక్కడ వదిలేశామో ఆ చికాకు అక్కడే కూర్చుని ఉంటుంది.

కిన్నెరసాని తప్పేం లేదు. శాంతి గురించి మనం అనుకుంటున్నవాటిలోనే కొన్ని తప్పులున్నాయి.

అపోహ: చప్పుడు లేని చోటుకు పోతే శాంతి దానంతటదే వస్తుంది.

వాస్తవం: అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఒక చిత్రమైన ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో పావుగంట కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. ఊరికే ఆలోచించుకుంటూ కూర్చోవాలి. కావాలంటే ఒక మీట నొక్కి కరెంటు షాకు ఇచ్చుకోవచ్చు. డబ్బు పోయినా ఫరవాలేదు కానీ ఈ షాకు మాత్రం వద్దని అంతకుముందు చెప్పినవాళ్లే వాళ్లంతా. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ మీట నొక్కారు. నిశ్శబ్దాన్ని భరించడం కంటే షాకే నయమనిపించింది వాళ్లకు. బయటి చప్పుడు ఆగగానే లోపలి చప్పుడు వినబడడం మొదలవుతుంది మరి.

అసలు మన అడవి కూడా మనం అనుకున్నంత ప్రశాంతమైన చోటేమీ కాదు. ఇప్పపూల కాలంలో తెల్లవారకముందే బుట్ట పట్టుకుని చెట్టు కిందికి చేరే కోయ ఆడవాళ్లకు అది విహారం కాదు, పని. వేసవిలో తునికాకు కోసేవాళ్లకూ అంతే. ఆకుల మధ్య రాలిన పువ్వును ఒక్కొక్కటే ఏరుతుంటే చూపు వేరే వైపు పోదు. అది చూసి "ఆహా, ఎంత ధ్యానం" అని మనం మురిసిపోవడం అంత మర్యాద కాదు. ఎండెక్కకముందే ఏరకపోతే ఆ రోజు కూలి దక్కదు. అయితే ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. చూపు నిలవడానికి ఆసరా ఇచ్చేది చోటు కాదు, చేతిలో ఉన్న పని. కిన్నెరసాని నీళ్లూ కట్ట మీద నిలబడే మనకోసం ఆగిపోవు. ఊళ్లోని థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్‌కు పోయి కరెంటు తయారీలో పడతాయి. ఆదివారం మనం చూసి వచ్చిన నీళ్లతోనే సోమవారం మన ఫ్యాను తిరుగుతుంది.

అపోహ: ధ్యానమంటే ఆలోచనలు ఆగిపోవడం. నాకు ఆగడం లేదు కాబట్టి నాకు రాదు.

వాస్తవం: ఎవరికీ ఆగవు. హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని ఫోన్ ద్వారా రోజులో ఏ వేళకావేళ పలకరించి, "ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా?" అని అడిగారు. 2010లో ఫలితాలు వచ్చాయి. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. ఎక్కడో తిరుగుతోంది. అలా తిరుగుతున్నప్పుడు జనం అంత సంతోషంగా లేరని కూడా తేలింది.

ఇదే ఫిర్యాదు భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడూ చేశాడు. మనసును పట్టుకోవడం గాలిని పట్టుకోవడమంత కష్టమన్నాడు. కృష్ణుడు కాదనలేదు. కష్టమేనని ఒప్పుకున్నాకే అభ్యాసం, వైరాగ్యం అన్నాడు. అంతటివాడే ఒప్పుకున్నాక పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుని, కూరగాయల లెక్క గుర్తొచ్చిందని మనం సిగ్గుపడనక్కరలేదు. మనసు పోయిందని తెలిసి వెనక్కి పిలవడమే అసలు సాధన. ఇరవై సార్లు పోతే ఇరవై సార్లు పిలవాలి.

అపోహ: సంకల్పమంటే గట్టిగా కోరుకోవడం. బలంగా కోరుకుంటే ప్రపంచం తెచ్చి చేతిలో పెడుతుంది.

వాస్తవం: ఈ మాట పుస్తకాల షాపుల్లోనూ వాట్సాప్‌లోనూ బాగా చెల్లుబాటవుతోంది. కానీ సంకల్పం అనే మాటకు మన ఇళ్లలో ఉన్న అర్థం వేరు. ఏ వ్రతానికైనా పంతులుగారు ఆచమనం, ప్రాణాయామం అయ్యాక చెప్పించే సంకల్పాన్ని ఈసారి శ్రద్ధగా వినండి. తొందరతొందరగా చెప్పేస్తుంటే మనమూ గొణిగేస్తుంటాం కానీ దాని అమరిక చూస్తే ముచ్చటేస్తుంది.

శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం అని ఊహకందనంత పెద్ద కాలంతో మొదలవుతుంది. తర్వాత జంబూద్వీపం, భరతఖండం. అక్కడి నుంచి శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకోవాలి. పాల్వంచవాళ్లమైతే ఈశాన్యం. తర్వాత ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పాలి. మనకు కృష్ణా గోదావరుల మధ్య. వంతెన దాటి భద్రాచలంలో కూర్చుంటే మాత్రం ఆ మాట మార్చుకోవాలి, అది గోదావరికి ఆవలి ఒడ్డు కదా. ఆ తర్వాత సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. చివరికి గోత్రం, పేరు, ఇంట్లోవాళ్ల పేర్లు. అన్ని యుగాల లెక్క చెప్పీ చెప్పీ ఈ ఇంటి పీట మీదికి తెచ్చి కూర్చోబెడుతుంది. కోరికలు లేకపోలేదు. క్షేమం, ఆయుష్షు, ఆరోగ్యం అన్నీ మధ్యలో వస్తాయి. వాక్యం మాత్రం ముగిసేది "కరిష్యే" మీద. చేస్తాను అని. కోరిక ఎంత పెద్దదైనా క్రియ దగ్గరికొచ్చేసరికి చేయాల్సింది నువ్వే.

ఎక్కడున్నానో, ఇప్పుడు ఏ వేళో, ఏం చేయబోతున్నానో ముందు చెప్పుకుని తర్వాత పని మొదలుపెట్టడం. నాకు తెలిసి ఏకాగ్రతకు ఇంతకంటే తేలికైన ఉపాయం లేదు. నమాజుకు ముందు ముస్లింలు చేసుకునే నియ్యత్‌లోనూ ఈ చూపే ఉంది. ఏ నమాజు చేయబోతున్నానో మనసులో అనుకోకుండా మొదలుపెట్టరు. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ దీనినే మరోవైపు నుంచి పరిశీలించారు. "రోజూ నడవాలి" అని ఊరికే అనుకున్నవాళ్ల కంటే "టీ తాగి గ్లాసు కింద పెట్టగానే చెప్పులేసుకుంటాను" అని వేళనూ పనినీ ముడివేసుకున్నవాళ్లు ఎక్కువగా మాట నిలబెట్టుకుంటారని ఆయన పరిశోధనలు చూపాయి.

పూజ లేకుండానే ఇది చేయొచ్చు. డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ, "మధ్యాహ్నమైంది, మా ఇంటి గడపలో ఉన్నాను, ఈ షిఫ్టులో లాగ్‌బుక్ కొట్టివేతలు లేకుండా రాస్తాను" అనుకుంటే చాలు. పావు నిమిషం పని. ఉన్న చోటు చెప్పుకోవడం ఎందుకంటారా? 2024 ఆగస్టు 5న కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లను కూల్చేశారు. దశాబ్దాలుగా ఊరికి ఆనవాలు అవే. బస్సులో నిద్రపోతూ వచ్చినా అవి కనబడగానే లేచి సంచీ సర్దుకునేవాళ్లం. కూల్చినవి ఎన్ని అని ఇప్పుడు మీ ఇంట్లో అడిగి చూడండి. ఎనిమిది అని తడుముకోకుండా చెప్పేవాళ్లు ఎందరుంటారు? రోజూ చూశాం, లెక్క మాత్రం పెట్టుకోలేదు.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేవనివాడికి ఇవేవీ పట్టుబడవు.

వాస్తవం: బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. ఊరు నిద్రలో ఉండే వేళ కాబట్టి మంచిదే. కానీ ఇది షిఫ్టుల ఊరు. నైట్ షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికి చేరినవాడికి నాలుగింటి గొప్ప చెబితే అతనికి మిగిలేది అపరాధ భావమే. నిద్ర పోగొట్టుకుని తెచ్చుకునే శాంతి ఉండదు. గీత ఆరో అధ్యాయమే అతినిద్రతో పాటు బొత్తిగా నిద్ర మానడం కూడా యోగానికి పనికిరాదంది. మీ రోజు ఎప్పుడు మొదలైతే అప్పుడే మీకు పొద్దు.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

వాస్తవం: 21 అనే అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలోది. మారిన ముఖానికి మనిషి అలవాటు పడడానికి కనీసం అన్ని రోజులైనా పడుతుందని ఆయన అన్నాడు. "కనీసం" అనే మాట దారిలో ఎక్కడో జారిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలిస్తే కొత్త పని అలవాటుగా కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, ఇంకొందరికి 254 దాకా. ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన కట్టిందంతా కూలిపోదని కూడా ఆ పరిశీలనలో తేలింది. అయ్యప్ప మాల వేసుకునేవాళ్ల 41 రోజుల మండలం వేరే సంగతి. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, ఎదురైన ప్రతివాళ్లూ "స్వామీ" అని పిలవడం, అన్నీ కలిసి మనిషిని నిలబెడతాయి. మాల తీసిన మర్నాడు ఆ నిలబెట్టే చేతులు ఉండవు. అందుకే నలభై రెండో రోజుకు ఒక్క చిన్న నియమమైనా ఇప్పుడే దాచి పెట్టుకోవాలి.

అపోహ: శాంతపరుడికి కోపం రాదు.

వాస్తవం: దీనికి మన పాల్వంచ తహసీల్దారునే సాక్ష్యానికి పిలుస్తాను. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణా శిస్తు వసూలు చేసినాయన. ఆ సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు గడిపాడని కథనం. మనం రామదాసు అంటున్నది ఆయననే. నామస్మరణలో ఆయనంత నిలకడ ఎందరికుంది? అయినా ఆయన కీర్తనలన్నీ చల్లగా ఉండవు. ఒకదానిలో రాముణ్ని నిలదీస్తాడు. సీతమ్మ పతకానికి ఎంతయిందో, భరతుడి పతకానికి ఎంతయిందో, శత్రుఘ్నుడి మొలతాడుకు ఎంతయిందో ఏకరువు పెడతాడు. ఈ సొమ్ము మీ నాన్న ఇచ్చాడా, మామ పంపాడా అని ఎకసెక్కెమాడతాడు. ఉడికిపోతున్నా తహసీల్దారు లెక్క తప్పలేదు చూడండి. ఆ పాటలోనే, దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అని బతిమాలతాడు.

నేను చూసిన శాంతపాఠాల్లో ఇది మొదటి వరసలోది. కోపం వచ్చింది, పేరు పెట్టి చెప్పుకున్నాడు, కోపం దేనివల్ల వచ్చిందో తెలుసుకున్నాడు, మళ్లీ తన చోటుకు తిరిగొచ్చాడు. ఇందాక ధ్యానంలో మనసును వెనక్కి పిలవడమని చెప్పుకున్నదే ఇది. పళ్లు బిగించి నవ్వే మొహాలను శాంతమనుకోవడం ఎప్పుడు మొదలుపెట్టామో తెలియదు కానీ రామదాసుకు మాత్రం ఆ నటన చేతకాలేదు.

అపోహ: ధ్యానం చేస్తే డాక్టరు అక్కరలేదు.

వాస్తవం: 47 ప్రయోగాలను, అందులో పాల్గొన్న 3,515 మంది వివరాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2014లో వచ్చింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి ధ్యానంతో కొంత తగ్గుతాయని అందులో తేలింది. వ్యాయామం కంటే, మందుల కంటే అది మేలని చెప్పడానికి మాత్రం ఆధారం దొరకలేదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలనిపించకపోయినా "ఏకాగ్రత పెంచుకో" అనడం సలహా కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ మొదలుపెట్టింది. 14416కు ఏ వేళ చేసినా తెలుగులోనే మాట్లాడతారు. నంబరు ఫోన్‌లో దాచుకోండి. మీకు అవసరం పడకపోయినా, నైట్ షిఫ్టు దిగి వచ్చి కన్ను మూతపడక వరండాలో కూర్చున్న పక్కింటాయనకు పనికిరావచ్చు.