ఆటోమేటిక్ కారుకు మాన్యువల్ గేర్లు: అపోహలు – వాస్తవాలు

1998 నుంచి 2006 దాకా అమ్మిన బీఎండబ్ల్యూ 3 సిరీస్ కార్లను ఈ46 తరం అంటారు. అమెరికాలో వీటి మీద మోజు ఇప్పటికీ తగ్గలేదు. మాన్యువల్ గేర్లున్న మంచి బండి దొరకాలంటే వెతకాలి. ఆటోమేటిక్ అయితే తేలిగ్గా, తక్కువ ధరకే దొరుకుతుంది. దాన్ని కొని మాన్యువల్‌గా మార్చుకోవచ్చు కదా అన్న ఆలోచన అక్కడే పుడుతుంది. ఆలోచనలో తప్పేమీ లేదు. జాగ్రత్తగా చేస్తే ఆ కారు మరెన్నో ఏళ్లు హాయిగా తిరుగుతుంది. అయితే ఈ పని చుట్టూ అల్లుకున్న మాటలు నమ్మి దిగినవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు, కొన్నిసార్లు ప్రమాదాన్నీ కొని తెచ్చుకుంటున్నారు.

అపోహ: గేర్‌బాక్స్ మారిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: గేర్‌బాక్స్ అందులో ఒక భాగం మాత్రమే. ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. దాన్ని తీసేసి ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ అమర్చాలి. క్రాంక్ షాఫ్ట్ చివర పైలట్ బేరింగ్ కొత్తగా దిగ్గొట్టాలి. ఆటోమేటిక్ కారుకు దానితో అవసరం లేదు కాబట్టి ఫ్యాక్టరీలో పెట్టరు. కొన్ని పాత క్రైస్లర్ ఇంజిన్లలో ఆ బేరింగ్ కూర్చునే రంధ్రాన్ని కూడా పూర్తిగా తొలిచి ఉంచలేదు. ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఇక పెడళ్ల దగ్గర క్లచ్ మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్ రావాలి. ఈ46లో క్లచ్‌కు కావలసిన ఆయిల్ కూడా బ్రేక్ ఆయిల్ డబ్బా నుంచే వస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్, గేర్‌బాక్స్‌ను మోసే అడ్డపట్టీ కూడా మాన్యువల్ కారువే కావాలి. ఆటోమేటిక్ కారు బ్రేక్ పెడల్ వెడల్పుగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలి పక్కన క్లచ్ పెడల్ పెడితే, కంగారులో క్లచ్ తొక్కబోయిన కాలు బ్రేక్ మీద పడుతుంది. పెడళ్ల సెట్టు మొత్తం మార్చాల్సిందే.

అపోహ: కంప్యూటరున్న కార్లు ఈ మార్పును ఒప్పుకోవు.

వాస్తవం: ఇదే కారును కంపెనీ మాన్యువల్‌గానూ తయారు చేసింది. దానికి తగిన సాఫ్ట్‌వేరూ ఉంది. ఇంజిన్ కంప్యూటర్‌ను మాన్యువల్‌కు ప్రోగ్రామ్ చేస్తే సరిపోతుంది.

అసలు చిక్కు వైరింగ్‌లో వస్తుంది. ఆటోమేటిక్ కారు ‘పి’లోనో ‘ఎన్’లోనో ఉంటేనే స్టార్టవుతుంది. పాత గేర్‌బాక్స్ తీసేశాక ఆ సంకేతం అందదు. కొన్ని షెడ్లలో ఆ వైర్లను శాశ్వతంగా కలిపేసి బండి స్టార్టయ్యేలా చేస్తారు. అప్పుడు గేరులో ఉన్నా తాళం తిప్పగానే కారు ముందుకు దూకుతుంది. ఎదురుగా గోడ ఉండవచ్చు, మనిషే ఉండవచ్చు. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యేలా స్విచ్ అమర్చడం సరైన పద్ధతి. క్లచ్ తొక్కగానే క్రూయిజ్ కంట్రోల్ ఆగిపోవాలి, రివర్స్ గేరు వేయగానే వెనక లైటు వెలగాలి. ఈ రెండూ పరీక్షించకుండా బండి తీసుకోకూడదు.

అపోహ: మాన్యువల్ చేస్తే మైలేజీ తప్పకుండా పెరుగుతుంది.

వాస్తవం: పాతకాలపు మూడు గేర్ల ఆటోమేటిక్‌ల విషయంలో ఈ మాటకు అర్థం ఉంది. టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ జారుడు వల్ల ఇంధనం వృథా అయ్యేది. ఈ46లో వేగం స్థిరపడ్డాక కన్వర్టర్ లాకవుతుంది, ఆ నష్టం పెద్దగా ఉండదు.

330ఐ మోడల్‌నే తీసుకుందాం. ఐదు గేర్ల మాన్యువల్ కారు డిఫరెన్షియల్ నిష్పత్తి 2.93, ఆటోమేటిక్‌ది 3.38. ఐదో గేరు నిష్పత్తి మాన్యువల్‌లో 1.00, ఆటోమేటిక్‌లో సుమారు 0.75. 17 అంగుళాల చక్రాలతో లెక్కిస్తే గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఫ్యాక్టరీ ఆటోమేటిక్ ఇంజిన్ నిమిషానికి దాదాపు 2,100 చుట్లు తిరుగుతుంది. ఫ్యాక్టరీ మాన్యువల్ ఇంజిన్ సుమారు 2,450 తిరుగుతుంది. గేర్‌బాక్స్ మార్చి పాత డిఫరెన్షియల్‌నే ఉంచేస్తే ఆ అంకె 2,830 దాకా పోతుంది. పట్టణంలో బండి చురుగ్గా లాగుతుంది కానీ హైవే మీద చప్పుడూ పెట్రోలు ఖర్చూ పెరుగుతాయి. అందుకే డిఫరెన్షియల్‌నూ లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: ఆటోమేటిక్ పాడైతే మాన్యువల్‌గా మార్చడమే చవక.

వాస్తవం: ముందు అది నిజంగా పాడైందో లేదో తేల్చాలి. ఆయిల్ కారిపోయి మట్టం తగ్గినా, ఏళ్ల తరబడి మార్చకపోయినా గేర్లు కుదుపుతాయి. ఈ ఆయిల్ జీవితకాలం సరిపోతుందన్న మాట చాలామంది విన్నదే. కానీ గేర్‌బాక్స్‌లు తయారు చేసే జడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటోంది.

మార్పిడికే సిద్ధపడితే, విడివిడిగా కొనే చిన్న భాగాలే ఖర్చును పెంచేస్తాయి. ప్రమాదంలో దెబ్బతిన్న మాన్యువల్ కారును మొత్తంగా కొంటే కావలసినవన్నీ ఒకేచోట దొరుకుతాయి. అప్పుడు కూడా క్లచ్ ప్లేటు, బేరింగులు, ఆయిల్ సీళ్లు కొత్తవే వేయించాలి. వాటి కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సి వస్తే కూలీ రెండింతలవుతుంది.

అపోహ: క్లచ్ పెడల్ లేని కార్లన్నీ ఒకటే.

వాస్తవం: ఈ46 ఎం3లో వచ్చిన ఎస్‌ఎంజీ గేర్‌బాక్స్ లోపల ఉన్నది ఆరు గేర్ల మాన్యువల్లే. క్లచ్‌నూ గేర్లనూ హైడ్రాలిక్ యంత్రాంగం నడుపుతుంది. అందుకే దాన్ని మాన్యువల్‌గా మార్చడం కొంత సులువు. 2014లో సెలెరియో కారుతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ కూడా ఈ కోవదే. టార్క్ కన్వర్టర్, సీవీటీ రకాల సంగతి పూర్తిగా వేరు. వాటిలో గేర్‌బాక్సే మారాలి.

అపోహ: క్లచ్, గేర్లు సరిగ్గా పడితే కారు సిద్ధం.

వాస్తవం: ఇంతకాలం బండిని ఆపి ఉంచింది ‘పి’లో పడే లాకు. ఇక అది ఉండదు. ఆటోమేటిక్ యజమానులు చాలామంది హ్యాండ్ బ్రేకు జోలికే పోరు. కాబట్టి దాని కేబుళ్లు బిగుసుకుపోయి ఉండవచ్చు. కేబుళ్లు, వెనక చక్రాల్లోని బ్రేకు షూలు చూపించి, ఏటవాలు మీద నిలిపి పరీక్షించాలి. పార్క్ చేసేటప్పుడు గేరులో వదిలే అలవాటు ఇంట్లో కారు నడిపే అందరికీ నేర్పాలి.

అపోహ: ఇది మన కారు, ఎవరికీ చెప్పక్కర్లేదు.

వాస్తవం: తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న కాలిఫోర్నియాలో 2021 జూలై నుంచి స్మాగ్ (వాహన కాలుష్య) తనిఖీలో ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌ను కూడా చూస్తున్నారు. అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఉంటే కారు ఫెయిలవుతుంది. అందువల్ల ప్రోగ్రామింగ్‌కు ఫ్యాక్టరీ మాన్యువల్ సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనాల్లో చేసే మార్పులకు హద్దులు పెట్టింది. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడగాలి. అమ్మేటప్పుడు కొనేవారికి బిల్లులతో సహా చెప్పాలి. ఛాసిస్ నంబరు చూస్తే ఎలాగూ తెలిసిపోతుంది. ఫ్యాక్టరీ మాన్యువల్‌కు వచ్చే ధర దీనికి వస్తుందని ఆశించకూడదు.

కాబట్టి ఈ మార్పు తలపెట్టేవారు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇదే కారును ఇదే ఇంజిన్‌తో కంపెనీ మాన్యువల్‌గా తయారు చేసిందా? చేసి ఉంటే ఆ కారులో ఏవేం ఉన్నాయో జాబితా రాసుకుని, చివరి స్విచ్ దాకా అమర్చండి. చేయకపోతే ఆ కారును అలాగే చక్కగా చూసుకుని, మాన్యువల్ కారు మరొకటి వెతుక్కోండి. డబ్బు ఆదా అవుతుందని మాత్రం ఈ పనికి దిగకండి. గేరు చేత్తో వేసుకుంటూ నడపడంలోని ఆనందం మీకు ప్రాణమైతే, ఆ ఒక్క కారణం చాలు.