దుర్గము క్రింది చెక్క చెంచాలు

నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా పడమటికి పోవు బాటలో, సోమశిల కాలువల పచ్చదనము వెనుకబడి మెట్ట పొలములును ముళ్లపొదలును ఎదురైన పిమ్మట, మూడు వేల అడుగులకు పైబడిన ఉదయగిరి దుర్గము కానవచ్చును. గజపతుల యేలుబడిలోని ఈ కోటను కృష్ణదేవరాయలు ఏడాదికి మించి ముట్టడించి 1514లో వశపరచుకొని, ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును హంపికి కొనిపోయి మరుసటి సంవత్సరమున ప్రతిష్ఠించెను. కోట శిథిలమైనది, కొండ క్రింది ఊరిలో మాత్రము, రాజుల కంటికి ఆనని పరిశ్రమ యొకటి, ఆ కొండకొయ్యనే నమ్ముకొని, నేటికిని నిలిచియున్నది.

చెంచాలు, గరిటెలు, ఫోర్కులు: ఇవియే ఆ పరిశ్రమ సరుకు. ముస్లిం కుటుంబములు కొన్ని తరతరములుగా సాగించుచున్న ఈ వృత్తిలో స్త్రీల చేయి పెద్దది. నర్ది, దేవదారి, బిక్కి, కల్ది, పాలబరికె మొదలైన కొయ్యలను (దేవదారి యనగా హిమాలయ వృక్షము కాదు, మన మెట్ట కొండలలో పొదవలె పెరుగు చిన్న చెట్టు) రంపముతో కోసి, బాడిసతో మోటుగా చెక్కి, ఉలితో గుంట తొలిచి, ఆకురాయితో అంచులు సరిచేసి, గరుకు కాగితముతో చేయి నొచ్చునంతవరకు రుద్ది, కాడపై సన్నని నగిషీ తీర్చినప్పుడు గాని చెంచా చెంచా కాదు. ఇంతకును ఈ పని పెద్ద యంత్రమును, విశాలమైన షెడ్డును కోరదు. వాకిట చాప పరచిన చాలును. పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగా ఒక కాడ తీరును, బిడ్డ బడినుండి వచ్చువేళకు పనిముట్లు మూలకు చేరును.

ఇట్లు వ్రాయుట పేదరికమునకు పన్నీరు చల్లుట యని పాఠకుడు శంకించినచో ఆ శంక న్యాయమే. ఇంటి పనికి గోడ లేదు. బడలిక తీర్చుకొనవలసిన రాత్రివేళను సయితము ఆకురాయి మ్రింగివేయవచ్చును. సరుకు లెక్కన కూలి ముట్టుచోట, రుద్దిన గంటలకు ఎవరును వెల కట్టరు. చిన్న వ్యాపారము జీవితమునకు చోటిచ్చునా, జీవితమునే ఆక్రమించునా యను ప్రశ్నకు సమాధానము దాని పరిమాణములో లేదు, ధరలో ఉన్నది. ఏ చెంచా ధరలో కొయ్య వెలయు, మెరుగు పెట్టిన యిల్లాలి గంటలును, పనిలేని శుక్రవారమును కలిసియుండునో, ఆ చెంచాయే మరుసటి తరమును ఈ వృత్తిలో నిలుపగలదు.

ఈ వృత్తికి ఇల్లాలి గంటలు మొదటి హద్దు కాగా, రెండవ హద్దు కొండది. గాంధీ మహాత్ముని ప్రేరణచే 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘమును నడిపిన జె. సి. కుమారప్ప, గనుల వంటి తరుగు నిలువలపై ఆధారపడు ఆర్థికమును, ఏటేట ప్రకృతి తిరిగి యిచ్చు దానిపై ఆధారపడు ఆర్థికమును వేరుచేసి చూపెను. కొయ్య రెండవ కోవలోనిది. అయితే చెట్టు చిగిర్చు వేగమును మించి నరికిననాడు ఆ కొయ్యయు గనియే యగును. కనుక ఆర్డరులు పెరిగినంత మాత్రమున ఉత్పత్తి పెరుగవలెనను సూత్రము ఇచ్చట చెల్లదు. ఆర్డరు పెరిగినప్పుడు మొదట పెరుగవలసినది ధర.

2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు దేశమంతట నిషిద్ధములైనప్పుడు, కొయ్య చెంచాకు మంచి దినములు వచ్చెనని తలచుట సహజమే. కాని ప్లాస్టిక్ విడిచిన చోటికి వచ్చి కూర్చున్నది యంత్రములు అచ్చుగ్రుద్దిన, వాడి విసరిపారవేయు పలుచని చెక్క. ఒక్కపూట విందుకు ఉదయగిరి చెంచాను ఆ చెక్కతో పోటీకి దింపుట అవివేకము. దీని చోటు ఇంటి అలమరలో, ఏండ్ల తరబడి.

ప్రభుత్వముల సాయము లేకపోలేదు. 1999 నాటి చట్టము క్రింద ఈ కొయ్యసామగ్రికి భౌగోళిక గుర్తింపు లభించినది. పదేండ్లకొకసారి దానిని పునరుద్ధరించుకొనవలెను, కళాకారులు ఆ పేరు వాడుకొను అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావలెను. అనగా గుర్తింపు పేరును కాచును గాని బేరమును తేదు. 2023లో ఆరంభమైన విశ్వకర్మ పథకమున వడ్రంగులకు పూచీకత్తు లేకయే, అయిదు శాతము వడ్డీకి, మొదట లక్ష, తరువాత రెండు లక్షల వరకు అప్పు దొరకును. పనిముట్లకు ఇది మేలే. కాని అమ్ముడుపోవు సరుకును మించి అప్పు చేసిన కుటుంబమునకు, కంతు తీర్చుటకై రాత్రులు కూడ పనిదినములగును. కావున మొదటి లక్షతోనే సరిపెట్టుకొను వారిని అల్పాశయులని ఎంచరాదు.

పాఠకులకు ఒక విన్నపము. లేపాక్షి హస్తకళా దుకాణములలోనో, ఉదయగిరికి పోయినప్పుడు అచ్చటనో, ఈ చెంచాలు కంటబడినచో ప్లాస్టిక్ సరుకుతో పోల్చి బేరమాడకుడు. కొన్న పిమ్మట నీటిలో నానవేయక, వెంటనే కడిగి ఆరబెట్టి, అప్పుడప్పుడు కొంచెము నూనె రాయుడు. పిల్లలు పెద్దవారగు వరకు వాడుకొనవచ్చును.